పలకని పేరు

కురుపాం మార్కెట్ వెనక సందులో నా బైండింగు కొట్టు.
మైదా జిగురు, చిటికెడు మైలుతుత్తం, మైనం దారం.
మొన్న మొజెల్ గారొచ్చారు,
పోర్టు డ్రెడ్జరు మీద మెకానిక్కుగా చేసి పోయిన
రోహేకర్ గారి భార్య.
కొంగులో చుట్టి తెచ్చిన ప్రార్థనల పుస్తకం,
చెదలు తిన్న వెన్ను.

మొదటి పేజీ అనుకుని తెరిచాను.
"అది చివరండీ" అన్నారు.
తర్వాత ఒక చోట వేలు పెట్టి, తాకకుండా,
"ఈ నాలుగక్షరాలు కంటితో చూస్తాం,
నోటితో వేరే మాటంటాం.
మామూలు మాటల్లో అయితే
'ఆ పేరు' అంటాం, అంతే."

నా చేతిలో దారం తెగింది.

మా అమ్మ తెల్లారకుండానే వేయి నామాలు చదివేది,
ఎసరు మరిగేలోగా.
ఆ వేయిలో ఒకటి మా అయ్య పేరు.
అక్కడికి రాగానే పెదవులు మూసి
ముక్కుతో సన్నగా రాగం తీసి దాటేది,
వాన గుంటను చీరెత్తి దాటినట్టు.
రేషను గుమస్తా మొగుడి పేరడిగితే
"మా గుంటణ్ణడగండి బాబూ."
నేను అరిచేవాణ్ణి: కర్రి నరసింగం!

అంతా ఒకటేనండీ, అన్నాను హుషారుగా.
ఆవిడ తలూపలేదు.
"సింహాచలంలో ఏడాదికొక్కరోజు
చందనం ఒలిచి చూపిస్తారు మీకు.
మాకూ ఏడాదికొక్కరోజు
పెద్ద పూజారి ఆ పేరు పైకి పలికేవాడట.
గుడి కాలిపోయింది. పలికే తీరూ పోయింది.
మీ అమ్మ తెలిసి పలకలేదు.
మేం పలుకుదామన్నా తెలీదు."

దారానికి మళ్ళీ మైనం రాశాను.

కుట్టుకు నిలవని కాగితాలు రెండు మిగిలాయి.
మట్టిలో పెట్టాలన్నారు.
మేమైతే పాత పటాలు సముద్రానికిస్తాం, అన్నాను.
"ఉప్పునీళ్ళకా!" అని మొహం చిట్లించి
మడిచి పర్సులో పెట్టుకున్నారు.
డెబ్భై రూపాయలు.
శుక్రవారం, దీపాల వేళ దాటిపోతోందని
ఆటో కోసం పరుగు.

ఆవిడకు చెప్పనిది ఒకటుంది.
కేజీహెచ్‌లో అమ్మ ఆఖరి రాత్రి
మందుల చీటీతో జగదాంబ దాకా పోయాను.
తిరిగొచ్చేసరికి నర్సమ్మ అంది:
"ఎవర్నో పేరు పెట్టి పిలిచిందయ్యా, రెండుసార్లు.
నరసింగం అంటే ఎవరు?"

ఎలా పిలిచింది, అన్నాను.
కోపంగానా, ముద్దుగానా,
చివర దీర్ఘం తీసిందా?

నర్సమ్మ నోరు తెరిచి, ఆగి,
"ఏమో బాబూ,
డ్యూటీ మారే టైమది" అంది.