నడిమి ఇటుక

ఈ ఊళ్లో వాన కురుస్తోంది అనరు,
ఉంది అంటారు,
ఇంట్లో మనిషి ఉన్నట్టు.

వేల్స్ కొండల్ని చీల్చి పలకలు తీసిన ఊరు.
ఒకప్పుడు బడిపిల్లల ఒళ్లోకి వెళ్లిన రాయే
ఇక్కడ ఇంటికప్పుల మీద వాలిపడుకుని
నీళ్ల చేత దిద్దించుకుంటోంది.
దిద్దింది దిద్దినట్టే చెరిపేసుకుంటుంది వాన.

నా బండిలో నిచ్చెన, బ్రష్షులు, మసి గోనెపట్టా,
చుట్టలు చుట్టుకున్న కేబులు, దాని కొసన ఒక కన్ను.
పొగగొట్టాల గొంతులు చూసే పని నాది.
రోజుకు నాలుగిళ్లు.
నోరు తెరు, ఆ అను, అన్నట్టు
పొయ్యి ముందు మోకాళ్ల మీద కూలబడతాను.

పదకొండో నంబరులో ఎలూనెడ్.
మూడేళ్లుగా ఇంటిని మూట కడుతోంది.
కిటికీలకు రెండో అద్దం,
అటక మీద మూరెడు మందాన గొర్రెబొచ్చు,
తలుపు కింద ఇసుక కూరిన గుడ్డపాము.
"ఇంకేం మిగిలింది, నువ్వే చెప్పు" అంది
బిల్లుని నాలుగు మడతలు వేసి జేబులో దాస్తూ.

అగరొత్తి లాంటి పొగపుల్ల వెలిగించాను.
కిటికీ దగ్గర పొగ బుద్ధిగా నిలబడింది.
తలుపు దగ్గరా నిలబడింది.
పడగ్గదిలో, పదేళ్లుగా రాజేయని బుల్లి పొయ్యి దగ్గర మాత్రం
ఎవరో పిలిచినట్టు
తల వంచి లోపలికి వెళ్లిపోయింది.

"మీ డబ్బు ఇటు పోతోంది" అన్నాను.
మూయొచ్చు. పైన టోపీ, కింద బిరడా,
చెమ్మ పట్టకుండా వేలెడు సందు.
ఒక్క పూట పని.

"అది మాత్రం వద్దు."

ఎందుకనలేదు. నేనూ అడగలేదు.
కేబుల్ కన్నుని పైకి పంపాను.
చిన్నకాకి పేర్చిన పుల్లలు,
తారులా గడ్డకట్టిన మసి,
ఆ పైన, రెండిళ్ల గొట్టాల్ని విడదీసే సన్నని గోడలో
ఒక ఇటుక లేదు.
లేని చోట అరచేయంత చీకటి.
ఆ చీకట్లోంచి ఎవరో దగ్గారు.

"ఇద్వల్" అంది ఆమె, కాస్త సిగ్గుగా.
"క్వారీ దుమ్ము. పొద్దున ఆరింటికి రెండు దగ్గులు,
కెటిల్ పెట్టాక మూడోది.
మూడోది రాకపోతే నేను చెప్పులేసుకుంటాను."

"ఎప్పుడైనా రాలేదా?"

"రెండుసార్లు. రెండుసార్లూ పంచదార అడగడానికి వెళ్లానన్నాను."

ఇద్వల్ తడికట్టెలే కాలుస్తాడు, ఈ ఊళ్లో ఎండినవెక్కడివి.
నిప్పు మగ్గే రాత్రి, గాలి ఎదురు తిరిగితే
దగ్గు వచ్చిన దారినే
రంగూ వాసనా లేనిదొకటి
దిగొచ్చి ఆమె దిండు పక్కన పడుకుంటుంది.
చెప్పక తప్పదు, చెప్పాను.

మంచం అంచున కూర్చుంది.
దుప్పటి మీద లేని ముడతని చాలాసేపు సరిచేసింది.
"సగం ఇటుక పెట్టలేవా?"

గురువారం మేస్త్రీ వచ్చి గోడ రొమ్ము తెరిచాడు.
సున్నం, ఇసుక, ఒక ఇటుక, అంతే.
కాగితం మీద రాశాను: లోపం సరిచేయబడింది.
దగ్గు రాయడానికి అందులో గడి లేదు.

పక్కింటికి వెళ్లేసరికి
ఇద్వల్ కుర్చీ పొయ్యి వైపు కాక
గోడ వైపు తిరిగి ఉంది.
"మూసేశారన్నమాట" అన్నాడు.
కాసేపాగి,
"రాత్రి పదింటికి గడియారానికి తాళం తిప్పుతుంది.
నిన్న తిప్పిందా?"

రెండిళ్లలోనూ విషగాలిని కనిపెట్టే పెట్టెలు బిగించాను.
వారానికోసారి మీట నొక్కి చూడాలి, కూత పెడుతుంది.
ఎలూనెడ్ మీటని వేలితో తడిమి చూసింది.
"గోడ అవతలికి వినిపిస్తుందా?
రోజూ నొక్కితే పాడవుతుందా?"

బండెక్కి తాళం తిప్పబోతూ ఆగాను.
పదకొండో నంబరు ఒకసారి కూసింది.

అద్దాల మీద వాన ఉంది.
పన్నెండో నంబరు
ఇంకా ఆలోచిస్తోంది.