ఎర్ర సున్నా, తెల్ల చుక్క

వారమంతా ఉత్తరాలు మోసిన కాళ్లు
ఆదివారం కూర్చోమంటే వినవు.
రొట్టె ముక్క, ప్లమ్ సారా చిన్న సీసా,
మాట వినని ఎడమ మోకాలు,
వీటితో బయల్దేరాను స్ట్రాజా కొండకి.

ఆ దారి ఒక చుట్టు.
ఎడమకి తిరిగినా కుడికి తిరిగినా
మళ్లీ రంపపు మిల్లు దగ్గరికే వచ్చి పడతాం.
మా ఊరి తగువులూ అంతే.

ఎడమకి తిరిగాను.
బీచ్ అడవి అప్పుడే తోమిన రాగిలా ఉంది.
మడమ లోతు ఆకులు,
అడుగేస్తే అప్పడాలు విరిగిన చప్పుడు.
రాత్రి వాన తడిసిన రాయి మీద
నల్లటి ఒంటికి పసుపు మచ్చల సాలమాండర్ ఒకటి
నాకు దారి ఇవ్వనంది. నేనే పక్కకి జరిగాను.

మొదటి చెట్టుకి ఎర్ర సున్నా.
పచ్చి రంగు, ఇంకా కారుతోంది.
మధ్యలో తెల్ల చుక్క లేదు.

స్లొవేనియా కొండల్లో పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది
దారి గుర్తంటే ఎర్ర సున్నా, దాని నడుమ తెల్ల చుక్క అని.
రెండో చెట్టుకీ ఉత్త సున్నాయే.
మూడో దానికీ.
కనుపాపల్లేని కళ్లు వరసగా
నన్ను చూడకుండా చూస్తున్నాయి.

లోవ్రో పని.
సున్నా ముగిసే చోట చిన్న తోక వదులుతాడు,
కవరు వెనక తన పేరు రాసినప్పుడు వదిలినట్టే.
ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను ఆ తోకని.

దారికి రంగెయ్యడం వాళ్ల నాన్న పని.
ఆయన పోయాక
రెండు రంగు డబ్బాలు మిగిలాయి,
పదకొండు తేనెపెట్టెలు మిగిలాయి.
రెండుని రెండు చెయ్యొచ్చు.
పదకొండుని ఎవరు పంచగలరు?
నాలుగేళ్లుగా ఆ ఇంటికి
రెండు గుమ్మాలు, రెండు పోస్టు డబ్బాలు.
పదకొండో పెట్టె కంచె మీద కూర్చుని ఉంది.
అందులోంచి ఈగలు ఎప్పుడో లేచిపోయాయి.
ఎరుపు తమ్ముడు తీసుకున్నాడు,
తెలుపు అక్క యెరిత్సా.

పైన, లోయ కనిపించాల్సిన చోట
పొంగి నిలిచిన పాలలా మంచు.
ఊరు లేదు, నది లేదు,
గిన్నెలో మరిచిపోయిన గరిటెలా
చర్చి గోపురం కొస ఒక్కటే.

బెంచీకి ఆ చివర తమ్ముడు,
ఈ చివర కుడి దారిన ఎక్కొచ్చిన అక్క.
మధ్యలో నాకు చోటు.

"ఈ ఏడు ఆకు తొందరగా రాలింది,"
అంది యెరిత్సా, నాతో.
"బీచ్ ఇంకా రాలందే,"
అన్నాడు లోవ్రో, నాతోనే.
కాల్చిన చెస్ట్‌నట్ల పొట్లం నా ఒళ్లో పెట్టింది.
సగం అటు అందించాను.
ఆదివారం పూట కూడా
నా ఉద్యోగం నాకు తప్పలేదు.

ముందు ఆమె లేచింది,
అతనొచ్చిన దారిన దిగిపోయింది.
తర్వాత అతను, ఆమె వచ్చిన దారిన.
మోకాలిని బతిమాలుకుంటూ నేను అతని వెనక.

ఆ వైపు చెట్లకి తెల్ల చుక్కలు మాత్రమే.
ముగ్గుకి చుక్కలు పెట్టి
ఎవరో లోపలికి వెళ్లిపోయినట్టు.
లోవ్రో ప్రతి చుక్క ముందూ ఆగుతాడు,
ఊపిరి బిగబట్టి చుట్టూ ఎరుపు తిప్పుతాడు,
తోక వదులుతాడు.

ఒక చెట్టుకి చుక్క మరీ ఎత్తున ఉంది.
అక్క పొడగరి.
రాయి దొర్లించుకొచ్చి ఎక్కాడు, జారాడు,
అడవంతా వినబడేలా తిట్టాడు.
ఆ తిట్టు ఆమె చిన్ననాటి ముద్దుపేరుతో మొదలైంది.
నేను ఆకుల్లో ఏదో వెతుకుతున్నట్టు వంగాను.

మిల్లు దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది.
పొద్దున చూసిన మొదటి చెట్టు దగ్గరికి వెళ్లాను.
సున్నాలో చుక్క పడింది,
నడిమికి కాదు, కొంచెం ఎడంగా.
ముట్టుకుంటే వేలికి అంటింది.

రేపు ఇంటిపేరు ఒక్కటే రాసిన కవరు వస్తే
ఏ డబ్బాలో వెయ్యాలో
నాకింకా తెలీదు.