ఇరవై ఎనిమిదో రోజు

కాంక్రీటు దిమ్మ తడి ఆరకముందే
మేకుతో నా పేరు గీశాను: ఫాన్‌జ.
ల్యాబు చూసుకునే వలెంతి కళ్లద్దాలు నుదుటికెత్తి
"ఫాన్య" అని చదివాడు, దస్త్రంలోనూ అలాగే ఎక్కించాడు.
ఈ దేశంలో నా పేరులో ఒక అక్షరం మెత్తబడింది.
దిద్దలేదు. అప్పటికి నాకొచ్చిన పోలిష్‌లో
దిద్దడానికి సరిపడా క్రియలు లేవు.

దిమ్మని నీళ్ల తొట్టిలోకి దించాం.
ఇరవై ఎనిమిది రోజులు, అని వేళ్లతో చూపించాడు,
రెండు చేతులూ రెండుసార్లు, ఆపైన ఎనిమిది.
తొందరపెడితే సిమెంటు మాట వినదు.

అదే సోమవారం నివాస కార్డుకి వేలిముద్రలిచ్చాను.
కిటికీ వెనక ఆవిడా రోజుల లెక్కే చెప్పింది,
వేళ్లు మాత్రం చూపించలేదు.

గ్దాన్‌స్క్‌లో నవంబరు మూడున్నరకే దీపాలు పెట్టేస్తుంది.
ట్రాం అద్దంలో ఓడరేవు క్రేన్లు
మెడలు చాచి దేన్నో వెతుకుతుంటాయి.
పగలు పదార్థాల బలం. రాత్రి పియెరోగి కొట్టులో పిండి మడతలు.
అంచు సరిగ్గా నొక్కకపోతే ఉడికేటప్పుడు విచ్చుకుంటుంది;
ఏ పాఠంలోనూ లేని ఈ సూత్రం
యజమానురాలు బొజెనా గరిటె ఝళిపించి నేర్పింది.

తరగతిలో ప్రొఫెసర్ మాట సగం తల మీంచి పోతుంది.
బోర్డు మీదికి సిగ్మా వచ్చాకే ఊపిరి తీసుకుంటాను.
బలం బై వైశాల్యం.
అంతానానరివోలో మా బడి నల్లబల్ల మీదా ఇదే గీత,
పైన ఒకటి, కింద ఒకటి.
దీన్ని వీసా అడిగినవాళ్లు లేరు.

ఆ రోజు వచ్చింది. దిమ్మని తుడిచి
యంత్రం దవడల మధ్య పెట్టాం.
ముల్లు కదిలింది. నాలుగు వందలు. ఆరు వందలు.
నేనెందుకో పళ్లు బిగించాను.
ఎనిమిది వందల నలభై ఒకటి దగ్గర
లోపలెక్కడో ఎండు కొబ్బరిచిప్ప విరిగినంత చప్పుడు.
పక్కలు రాలిపోయాయి, నడుము సన్నబడి
రెండు పిరమిడ్లు మొనలు ఆనించుకుని నిలబడ్డాయి.

"బాగా పగిలింది" అన్నాడు వలెంతి.
మళ్లీ అడిగాను, క్రియ సరిగ్గా విన్నానో లేదోనని.
బాగానే, ఫాన్య. నాలుగు వైపులా సమంగా.
ఒక్క పక్కకే విరిగుంటే తప్పు మనదయ్యేది.

కార్డు ఇంకా రాలేదు.
హాస్టల్లో నా గది తలుపు గాలికి దానంతటదే మూసుకుంటుంది,
ఒక పిరమిడ్‌ని తెచ్చి అడ్డం పెట్టాను.
పేరు గీసిన పక్క చెత్తబుట్టలోకి పోయింది,
ఇది నడుము ముక్క.
నిన్న పక్కగది ఉజ్బెక్ కుర్రాడు బహోదిర్
కాలికి తగిలించుకుని ఇదేంటన్నాడు.
నా మార్కులు, అన్నాను. చదరపు మిల్లీమీటరుకి ముప్పై ఏడు.
వాడు కుంటుతూనే వంగి, రెండు చేతులా ఎత్తి చూసి,
మళ్లీ అక్కడే పెట్టాడు.