సొన మచ్చ

గ్రీమ్స్‌పేటలో మెట్ల కింద గది, నా పార్లరు.
ఒక కుర్చీ, ఒక అద్దం,
కరెంటు పోతే ఊపుకోడానికి పాత క్యాలెండరు అట్ట.
తోతాపురి లారీలు బారులు తీరే నెలలో
జ్యూస్ ఫ్యాక్టరీ విడిచాక
గంగరత్నం వచ్చింది,
కొంగు ముక్కు దాకా లాక్కొని.

కూర్చోమంటే కూర్చోలేదు.
గుడ్డసంచి తలకిందులు చేసి
బల్ల మీద కుమ్మరించింది.
పదకొండు. లెక్కపెట్టాను.
నిమ్మవాసన సబ్బు, మూత పోయిన డబ్బా,
ఇసక కలిపినట్టుండే స్క్రబ్బు,
వదిన వాడి వదిలేసిన సీరం,
వాళ్ల పాపకు కొన్న తెల్ల క్రీము,
మందులంగడోడు చీటీ అడక్కుండా ఇచ్చిన
వేలెడు ట్యూబు.

"పొద్దున ఐదు, రాత్రికి ఆరు క్కా.
నిద్ర లేకపోయినా ఇవి మానలేదు.
మచ్చ మాత్రం పెద్దదవతానే ఉండాది."

కొంగు తీసింది.
ఎడమ బుగ్గ మీద
తొడిమ విరిచినప్పుడు చిమ్మిన సొన దారి.
దానంతటది మానాల్సిన గాయం,
గోకి, రుద్ది, నిమ్మకాయ పిండి
తనే నల్లగా నిలబెట్టుకుంది.
మిగతా ముఖమంతా పలచబడి ఎర్రగా,
ఉల్లిపొర వెనక దీపం పెట్టినట్టు.

ఆ వేలెడు ట్యూబు నాకు కొత్త కాదు.
మూడేళ్ల కిందట నేనూ అమ్మాను.
"పెళ్లికి నెల ముందు నుంచి పూసుకో మే" అని
ఒక పిల్లకు చెప్పింది ఈ నోరే.
ఆ పిల్ల పేరు రసీదు పుస్తకంలో ఉంది.
ఆ పేజీ నేను తిప్పను.

"దీన్ని టక్కున ఆపేస్తే ముఖం మండిపోతుంది.
రేపే పెద్దాసుపత్రికి పో.
చర్మం డాక్టరుకు ట్యూబే చూపించు, సిగ్గుపడొద్దు."

మిగిలినవి ఒక్కొక్కటే పక్కకు జరిపాను.
పాప క్రీము ఒక్కటే బల్ల మీద నిలిచింది.

"వాసన లేని సబ్బు ఒకటి కొను.
ఇంటికి పోయినాక చన్నీళ్లతో కడుక్కో,
తువ్వాలుతో రుద్దొద్దు, అద్దుకో.
తడి ఆరకముందే ఈ క్రీము.
పొద్దున ఎండకు పూసేది, రెండు వేళ్ల పొడుగు,
బస్టాండు దాకా నడుస్తావు కదా, చెవులకూ మెడకూ.
సొన పడితే వెంటనే నీళ్లు.
గోరు మాత్రం పెట్టొద్దు."

"అంతేనా?"
ఆ గొంతులో చాలాసార్లు మోసపోయిన అనుమానం.
మంట పుట్టందే మందు కాదని
ఎవరు నేర్పారో మా అందరికీ.

"మూడు నెలలు పడుతుంది."
"తెల్లగవతానా?"
"కావు."

ఫ్యాను చప్పుడు కాసేపు.
అద్దంలోకి కాక తన చేతుల్లోకి చూసుకుంటూ అంది:
"కార్బైడు పెట్టిన కాయ
రాత్రికి రాత్రి రంగొచ్చేస్తాది క్కా.
పట్టుకుంటానే తెలిసిపోతాది మాకు.
పైన బంగారం, టెంక కాడ పులుపు.
తీసి అవతల పారేస్తాం.
గడ్డిలో మాగే కాయకు టైము పడతాది."

ఇంత పెద్ద అద్దం పెట్టుకొని
పన్నెండేళ్లుగా నాకు తట్టని మాట.

పది డబ్బాలూ మళ్లీ సంచిలో వేసుకుంది.
"పారేయవా?"
"డబ్బులు పోసి కొన్నది కదా.
నిమ్మసబ్బుతో గిన్నెలు తోముకుంటా."
తర్వాత "ఎంత క్కా?" అంది.
ముఖం ముట్టుకోకుండా చెప్పిన మాటలకు
ఎంత తీసుకోవాలో నాకు తెలియలేదు.
వెనక అల్మారాలో పద్నాలుగు బ్లీచు డబ్బాలు,
ఒక్కోటి రెండొందల నలభై.
వాటి మొహాలు గోడకు తిప్పి ఉంచాను.
ఇంకా పారేయలేదు.

గడప దగ్గర కొంగు మళ్లీ ముక్కు దాకా లాక్కుంది.
నేను చూస్తున్నానని గమనించి
"ఎండకు" అంది.
బయట ఏడున్నర చీకటి.