పచ్చ చుక్క

బేస్తారం రాత్రి పదిన్నరకు
సిత్రల ఎవ్వనికీ నెట్టు లేదు.
సిత్ర అంటే మా క్యాంపు,
నూనె ట్యాంకుల ఎనుక రేకుల షెడ్డు, తొమ్మిది రూములు.
మిగతా బహ్రెయిన్‌కు ఉండే ఉంటది.

ముందుగాల తిట్లచ్చినయి,
ఆ ఎనుక చెప్పుల చప్పుడు.
సర్వరు నా మంచం కిందున్నది గద,
ఏ పాపమైనా ఆడికెల్లే మొదలు.

సర్వరంటే పేరే పెద్దది.
ఆఫీసోళ్లు పారేసిన డబ్బా, ఓ పక్క రేకు లేదు.
బొక్కలు తేలిన ముసలెద్దు లెక్క
టేబుల్ ఫ్యాను గాలికి రొప్పుకుంట పంటది.
దానికి రెండు నోళ్లు:
ఒకటి గోడల టెలిఫోన్ తీగెను చప్పరిస్తది,
ఇంకోటి తొమ్మిది రూములకు పోస్తది.
ఏసీ సందులకెల్లి, బట్టల దండెం మీదికెల్లి
నీలం వైర్లు. నెలకు రూముకో దినారు.

"నీది నడుస్తుందా?" అన్నడు లింబాద్రి.
నడుస్తుందన్న.
అన్నంక తెల్సింది, అనొద్దని.
మోటరు కాడ పొలం నాదొక్కటే తడిసి
కింది మడులన్ని ఎండినట్టు చూసిండ్రు నన్ను.

బందువెట్టి మళ్ల సురువు జేసిన.
అది అందరెరిగిన మందే, పని జెయ్యలే.
స్విచ్చు డబ్బ మీద లైట్లు లెక్కవెట్టిన,
తొమ్మిదికి తొమ్మిది మిణుకుతున్నయి.
వైరు తెగలే. పిల్లి కొరకలే.
పోయినసారి కొరికింది గనుక పిల్లి దిక్కు గూడ చూసిన.

నాలుగో రూముల సూరిబాబు కుర్చీల కూసొని
నల్ల తెర తెరిచి
సర్వరును నెంబరుతోని పిల్సిన. పలికింది.
సముద్రం అవతల నాకెరుకైన ఇంకో నెంబరును పిల్సిన.
జర ఆలిశంగ, గని అదీ పలికింది.
పేరు వెట్టి పిల్సిన.
ఏ పేరుకూ పలుకు లేదు.

పేరు జెప్తే నెంబరు జెప్పేటోడొకడు నడుమ ఉంటడు.
ఆడు మాయమైండు.
పొద్దుగూకినంక సర్వరు ఉరుకుతలేదని
ఒక గడిల టిక్కు నేనే తీసిన, అప్పుడు యాదికచ్చింది.
"టెలిఫోనోళ్లు ఏదో మార్చిండ్రు" అన్న.

"అంటే మన గేటు కాడ లాగేనండీ," అన్నాడు సూరిబాబు.
"నలభై నాలుగు పదిహేడంటే గొలుసు తీత్తాడు.
సూరిబాబంటే ఎవడాడంటాడు."
అందరు నవ్విండ్రు. లింబాద్రి
తన నెంబరు తనే ఓసారి లోపల్లోపల అనుకున్నడు,
పెదవులు మెదిలినయి.

టిక్కు మళ్ల వెట్టిన. మంకువట్టింది.
ఇగ రూము రూముకు తిరిగి చేత్తోని కొట్టుడే,
నాలుగు ముక్కల నెంబరు, నడుమ మూడు చుక్కలు.
రెండో రూముల తస్లీం తెర నిండ బిడ్డ ఫొటో,
నేను తెరిచిన గడిని మొకం మీదికెల్లి పక్కకు జరిపిండు.
ఐదో రూముల వర్గీస్ చాయ పోసి దగ్గర వెట్టుకున్నడు,
నెట్టచ్చినంకనే ఇస్తడట.

ఏడో రూముల ఆశన్న.
కంప్యూటర్ ఆయినది గాదు, నర్సింగంది.
నర్సింగం సెలవు మీద వోయి మళ్ల రాలే,
ఫోను గూడ లేవలే.
ఆశన్నకు ఆన్ జేసుడు, బంద్ జేసుడు, గంతే వచ్చు.
దినారు మాత్రం ఒకటో తారీఖే ఇస్తడు.
"ఏం జూస్తవే?" అంటే
మాట్లాడుకునే గడిల పేర్ల వరుస చూపెట్టిండు.
"ఉన్నోని పక్కకు పచ్చ చుక్క వడ్తదట."

నెంబరు కొట్టిన. ఓకే నొక్కిన.
ఓ గడియాగి పేర్లు దిగినయి ఒక్కొక్కటే,
ఏవేవో పేర్లు, కొన్నిటికి పచ్చ.
అవుతల రూములల్ల కేకలు, ఎవడో ఈల.
నర్సింగం పేరు బూడిద రంగులనే ఉన్నది.

"ఇది గూడ టెలిఫోనోళ్లదేనా?" అన్నడు ఆశన్న.
"కాదు" అన్న.
ఆయిన కుర్చీ జర ముందుకు జరుపుకున్నడు.

చాయ సల్లగైంది, అట్లనే తాగిన.
మంచం మీద ఒరిగితే కింద ముసలెద్దు రొప్పుతనే ఉన్నది.
ఉక్కపోత. ఎప్పుడైనా ఈ యాళ్లకు
ఫ్యాను నా దిక్కు తిప్పుకుంట.
తిప్పుకోలే.