చివరినుంచి రెండోది

మా తాత ఆలోయిజ్
"హొలుబి" అని పావురాలను పిలిచేటప్పుడు
గనిలోకి దిగేవాడు మెట్టు మీద బూటు మోపినట్టు
నడిమి అక్షరం మీద బరువంతా మోపేవాడు.
హొ తేలిక. లు బరువు. బి గాలికి.
పెంకుల మీంచి పదహారు జతల రెక్కలు దిగేవి.

దీర్ఘాలు లేవు మా నోళ్ళలో.
పొట్టి ముక్కుల వాళ్ళని ప్రాగ్ వాళ్ళు నవ్వుతారు.
నోరు ఎక్కువసేపు తెరిస్తే బొగ్గుపొడి పోతుంది మరి,
అనేవాడు తాత,
అది అబద్ధమని తనకీ తెలుసు.

మా అమ్మ వ్లస్తకి బళ్ళో
స్కేలుతో బల్ల మీద కొట్టి నేర్పారు:
మాట మొదట్లోనే నొక్కు! మొదట్లోనే!
అప్పట్నుంచీ ఆమెకు రెండు నోళ్ళు.
పోస్టాఫీసు కౌంటర్లో ఒకటి, వంటింట్లో ఒకటి.
ఫోన్ మోగితే
అవతల అధికారో, అత్తయ్యో
మొదటి మాటకే మాకు తెలిసిపోయేది.

ఇక నేను, ట్రాముల్లో స్టాపుల పేర్లు చెప్పే గొంతుని.
అద్దాల గదిలో ఒక్కసారి జారాను,
మా ఊరి పేరు దగ్గరే.
"ఒస్త్రవ"లో నడుం మీద పడింది ఊనిక.
రికార్డింగ్ అతను చెయ్యెత్తాడు: మళ్ళీ.
"ఎవరో ఈ పిల్ల, ఊరిపేరు నెత్తిన మొట్టుతోంది"
అన్నాడట తాత, ఎనిమిదో నంబరు ట్రాములో,
పక్కాయనతో.
నేనేనని ఇప్పటికీ చెప్పలేదు.

నా కొడుకు మతౌష్ డాబా ఎక్కి పిలిచాడు
టీవీ నేర్పినట్టు, మొదటి అక్షరం మీద గెంతి.
పావురాలు మెడ తిప్పి చూశాయి, అంతే.
తాత ముఖంలో కాస్త గర్వం.
వాడు గింజల డబ్బా గలగలలాడించాడు.
అన్నీ దిగాయి.
తాత చాలాసేపు దగ్గాడు, నవ్వో ఏమో.

రెండక్షరాల మాటల్లో మాకు తగువు లేదు.
మొదటిదే అక్కడ చివరినుంచి రెండోది.
వొద అంటే నీళ్ళు. రుక, చెయ్యి. జిమ, చలి.
మూడో అక్షరం వచ్చిందంటేనే
దారి చీలుతుంది.

ఫిబ్రవరిలో, ఆ ఆఖరి వారం
తాత పెద్ద మాటలన్నీ వదిలేశాడు.
వొద, అన్నాడు. జిమ, అన్నాడు.
రుక, అన్నాడు.
మతౌష్ గ్లాసు అందించాడు, దుప్పటి లాగాడు,
చెయ్యి ఇచ్చాడు,
ఒక్కసారి కూడా "ఏంటీ?" అనకుండా.