బొమ్మ మూడు

షీటుకింత అని నా కూలి.
ఒసాకాలో, తెన్మా సందులో,
ఉడాన్ దుకాణం పై అంతస్తులో
పేటెంట్లకు బొమ్మలు గీస్తాను.
ఇరవై రెండేళ్లుగా తాళాలు గీశాను, పంపులు గీశాను,
ఒక కుక్కరు మూతకి పదకొండు ముఖాలు గీశాను.
వస్తువన్నాక గీత ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

ఈ మంగళవారం వచ్చింది వస్తువు కాదు.
వీడియో గేమ్‌లో ఒక పిల్లాడు ఎగురుతాడు.
గాల్లో ఉండగానే తన నీడని నేల మీంచి పైకి లాక్కుని
దాని మీద కాలు మోపి మళ్లీ ఎగురుతాడు.
అంతే.
అంతకే పదిహేడు క్లెయిములు.
సదరు పాత్ర, సదరు నీడను, సదరు పాదముతో.

పిల్లాడు 101. నేల 102.
మొదటి గెంతు 103, చుక్కల గీత.
నీడ 104.
నీడకి నలుపు పూయకూడదు, మా నిబంధన.
నలుపు లేని నీడకి అంకె తగిలించి
పెన్ను మూత పెట్టి కూర్చున్నాను.
103కీ 104కీ మధ్య తెల్ల కాగితం.
ఆడేవాళ్లు ఊపిరి బిగబట్టేది అక్కడే.
దానికి అంకె లేదు.

కుజుమి గారిని తిట్టలేను.
ఆయన కాగితాలు గుడ్డలో మూటగట్టుకుని తనే మెట్లెక్కి వచ్చాడు.
నాలుగేళ్లు కష్టపడి చేసిన పాత ఆటని
పెద్ద కంపెనీ మూడు నెలల్లో ముక్కూ చెవులూ మార్చి అమ్ముకుంది.
"దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగాను అప్పుడు,
ఈసారి ముందే మొరుగుతున్నా" అని నవ్వాడు.
పళ్లెంలో టీ చల్లారిపోయింది.

ఆ పెద్ద కంపెనీ షీట్లు కూడా గీసింది నేనే.
పోయిన నెల నలభై.
ఎక్కడం, జారడం, విసిరి పట్టుకోవడం.
కంచె మేకులు ఇద్దరూ నా కొట్లోనే కొంటారు.
రేపు గెంతాలనుకునే మూడోవాడు
నా మెట్లెక్కడు. వాడి దగ్గర షీటు డబ్బులుండవు.

సాయంత్రం యోదో నది గట్టున
మేనకోడలు తొవా, దాని జట్టూ
నీడలు తొక్కే ఆట ఆడుతున్నారు.
ఎవరి నీడ తొక్కితే వాళ్లే దొంగ.
అవును, తొక్కినవాళ్లు కాదు.

"చెట్టు నీడలో దాక్కుంటే పది లెక్కపెట్టేదాకే.
ఆ రూలు నేనే పెట్టా అత్తా, నిన్న."
"మరి అందరికీ చెప్పేశావా?"
నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.
"చెప్పకపోతే ఎలా ఆడతారు?"

ఎండ వంతెన కిందికి దిగింది.
నా నీడ నాకంటే నాలుగింతలు సాగి
ఎవరి కాళ్ల కిందికో పోయింది.
అంకె లేదు, గీత లేదు, నల్లగా ఉంది.

"తొక్కేశా! నువ్వే దొంగ!"

వేలికి సిరా ఇంకా ఆరలేదు.
చెప్పులు విడిచి పరిగెత్తాను.